ఎర్రచుక్క లేని సీసా

ఆ పరిశోధనశాలలో అన్నిటికన్నా చల్లగా ఉండే గది రెండో అంతస్తు చివరిది. దాని పేరు మాత్రం వేడిగది. పేరు పెట్టినవాళ్ళని తప్పుపట్టడానికి లేదు, అక్కడ వేడి అంటే రేడియోధార్మికత. తలుపు మీద పసుపు బిళ్ళ, బిళ్ళ మీద మూడు రెక్కల గుర్తు, లోపల ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒకే మనిషి. ఆవిడని అందరూ వేడిగది అక్క అంటారు. అసలు పేరు హాజరుపట్టీ రాసే గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తున్నట్టు లేదు.

అక్క చేసే పని చెప్పుకుంటే చిన్నది, చేస్తే పెద్దది. మన ఒంట్లో ప్రతి కణమూ క్షణం తీరిక లేకుండా ప్రోటీన్లు తయారుచేస్తూనే ఉంటుంది. పాతవి విరిగిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. ఆ గుంపులో ఏది కొత్తది, ఏది పాతది, పుట్టింది ఎంతసేపు బతికింది అని తేల్చాలంటే కొత్తగా పుట్టినవాటికి ఏదో ఒక గుర్తు ఉండాలి కదా. ఆసుపత్రిలో పుట్టిన పిల్లల చేతికి చీటీ కట్టినట్టు అక్క వాటికి గుర్తు కడుతుంది.

ఎలాగంటే, ప్రోటీన్ కట్టడానికి కణానికి మెథియోనిన్ అనే దినుసు కావాలి. అక్క ముందు కణాలకి ఆ దినుసు లేని తిండి పోసి అరగంట మాడుస్తుంది. తర్వాత రేడియోధార్మిక గంధకం ఉన్న మెథియోనిన్ పోస్తుంది. అదే 'వేడిది'. ఆకలి రుచి ఎరుగదు, అవి ఆవురావురుమంటూ దాన్నే వాడేసుకుంటాయి. సరిగ్గా పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో పుట్టిన ప్రతి ప్రోటీన్‌కీ గుర్తు పడుతుంది. వెంటనే ఆ తిండి తీసేసి, కడిగి, మామూలు మెథియోనిన్, అంటే 'చల్లది', బోలెడంత కలిపిన తిండి పోస్తుంది. ఇక మీదట పుట్టేవాటికి గుర్తు ఉండదు. అక్కణ్ణించి గంటకో పళ్ళెం తీసి, కణాల్ని పగలగొట్టి, కావలసిన ప్రోటీన్ని వేరుచేసి, ఫిల్ము మీద అచ్చు దింపితే గుర్తున్నవి నల్లటి గీతలా కనిపిస్తాయి. గంటగంటకీ గీత పలచబడుతుంటే ప్రోటీన్ చచ్చిపోతోందన్నమాట.

ఇందులో ఒక్క నిమిషం అటూఇటూ అయినా పనికి రాదు. అందుకే అక్క పనిలో ఉండగా తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. దీపం వెలుగుతుంటే సాక్షాత్తూ సంస్థకి పెద్ద అయిన డాక్టరుగారు కూడా తలుపు కొట్టరు. ఒకసారి కొట్టారు. అక్క తలుపు సందులోంచి చూసిన చూపుకి ఆయన "ఏం లేదమ్మా, ఊరికే" అని వెనక్కి నడిచారు.

కోపం అక్కకి ముక్కు మీదే ఉంటుంది. కొత్తగా చేరిన పరిశోధకులెవరైనా "రెండుసార్లు కడిగారా అక్కా?" అన్నారనుకోండి, "నీ పాలపళ్ళు ఊడకముందు నుంచీ కడుగుతున్నా" అని వస్తుంది జవాబు. దాంతో ఇంకోసారి ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరమూ రాలేదు. ఆ చెయ్యి తప్పదని సంస్థంతా చెప్పుకునేది. ఆ మాట చెవిన పడినప్పుడు అక్క విననట్టే ఉండేది కానీ, ఆ రోజు ఇంటికి నడిచే నడకే వేరు.

ఇంట్లో మాత్రం ఈ వైభవం సాగలేదు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు ఈ ఉద్యోగం సంగతి విని హడలిపోయింది. కోడలు రేడియో ఏదో మింగి వస్తోందని చాలాకాలం అనుకుంది. స్నానం చేస్తేగానీ గడప దాటనిచ్చేది కాదు. చంటివాణ్ణి ఇచ్చేముందు "చేతులు కడుక్కున్నావా?" అని మూడుసార్లు అడిగేది. "అత్తయ్యా, అది చర్మం కూడా దాటి పోలేదు, అంత బలహీనమైంది. పైగా రెండు జతల తొడుగులు వేసుకుంటాం, బయటికి వచ్చేటప్పుడు చేతులకీ చెప్పులకీ యంత్రం పెట్టి చూస్తాం" అని అక్క చిలక్కి చెప్పినట్టు చెప్పేది. అత్తగారు అంతా విని, "అయితే ఇంకోసారి కడుక్కో" అనేది. ఆ పెద్దావిడ పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ అడిగితే మాత్రం అక్కకి ఎన్నడూ కోపం రాలేదు.

ఇక పదిహేను రోజుల్లో పదవీ విరమణ. అక్క గది సర్దడం మొదలుపెట్టింది. ఒక సోమవారం పొద్దున్న ఫ్రిజ్ అడుగు అరలోంచి సీసాలు ఒక్కొక్కటే తీస్తుంటే ఆ సీసా చేతికి వచ్చింది.

ఆ సీసా ఎవరిదో చూడగానే తెలిసింది, పరుగుది. పరుగు అంటే ముప్ఫై రెండేళ్ళ పరిశోధకురాలు. మెట్ల మీద కూడా పరిగెత్తుతుందని ఆ పేరు పెట్టారు. ఐదేళ్ళుగా ఒకే ప్రోటీన్ పట్టుకుని వేళ్ళాడుతోంది. పసిపిల్లల ఊపిరితిత్తులకి వచ్చే ఒక జబ్బులో ఆ ప్రోటీన్ పుట్టడం పుడుతుంది, కానీ రెండు గంటలకే విరిగిపోతుంది. దాన్ని నిలబెట్టే మందు కోసం పరుగు వెతకని రసాయనం లేదు. నాలుగు నెలల కింద ఒకటి దొరికింది. మందు వేసిన పళ్ళెంలో నాలుగు గంటలయినా గీత చెక్కుచెదరలేదు. మూడు వారాల్లో మూడుసార్లు చేశారు, మూడుసార్లూ అంతే. పరుగు ఆ రోజు నిజంగానే వరండాలో పరిగెత్తింది. వ్యాసం పత్రికకి వెళ్ళింది, అచ్చుకి ఒప్పుకున్నారు, వచ్చే నెలలో వస్తుంది. దాన్ని చూసే ఇంకో పెద్ద సంస్థ ఆమెకి ఉద్యోగం ఇస్తానంది. ఒక ఆసుపత్రి వాళ్ళు ఆ మందు గురించి రెండుసార్లు ఉత్తరం రాశారు.

అక్కకి ఒక అలవాటు ఉంది. కణాలకి పోసే తిండి సీసాలో ఏది కలిపినా వెంటనే మూత మీద చుక్క పెడుతుంది. చల్లదానికి ఎర్రచుక్క, మందుకి ఆకుపచ్చ చుక్క. తనకి ముందు ఆ గదిలో పనిచేసిన పెద్దాయన నేర్పిన పద్ధతి అది. కలిపాక చుక్క, చుక్క పెట్టాకే రెండో పని. ఇంకో అలవాటు, పని అచ్చయ్యేదాకా మిగిలిన సీసా పారబోయదు.

ఆ సీసా మూత మీద ఆకుపచ్చ చుక్క ఉంది. ఎర్రచుక్క లేదు.

అక్క మూత తిప్పి చూసింది. గుడ్డతో తుడిచి చూసింది. కళ్ళజోడు పెట్టుకుని చూసింది. పక్కనే మందు లేని సీసా ఉంది, దాని మూత మీద ఎర్రచుక్క నిక్షేపంలా ఉంది. రెండూ ఒకే రోజు తయారుచేసినవే. మూడు ప్రయోగాలకీ వాడింది ఈ రెండు సీసాలే.

చల్లది కలపకపోతే ఏమవుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. కణాల లోపల మిగిలిన వేడి దినుసూ, విరిగిన ప్రోటీన్లలోంచి ఊడిపడ్డ వేడి దినుసూ మళ్ళీమళ్ళీ కొత్తవాటిలోకి ఎక్కుతూనే ఉంటాయి. నాలుగు గంటలు బతికిన ముసలివి అని మురిసిపోయినవి అసలు అప్పుడే కళ్ళు తెరిచిన పసివి కావచ్చు. మందు ఏమీ చేసి ఉండకపోవచ్చు.

చుక్క పెట్టడం మర్చిపోయానేమో, కలిపే ఉంటాను అనుకుంది. ఆ మాట ఎంత తియ్యగా ఉందో! స్టూలు మీద కూర్చుని కాసేపు దాన్నే చప్పరించింది. తర్వాత లేచి, నాలుగు నెలల కిందటి నోటుపుస్తకం తీసింది. ప్రతి పళ్ళెంలోంచీ ఒక బొట్టు తీసి, మొత్తం ప్రోటీన్లలో ఎంత గుర్తు పడిందో యంత్రంలో కొలిచి రాయడం ఆవిడ పని. రాయడం వరకే. చూసి అర్థం చెప్పుకోవడం పరిశోధకుల పని. ఇన్నేళ్ళూ అలాగే రాసింది, తల తిప్పకుండా. చల్లది పోశాక ఆ అంకె పెరగకూడదు. మందు లేని వరసలో పెరగలేదు. మందు వేసిన వరసలో గంటగంటకీ పెరిగింది. నాలుగో గంటకి దాదాపు ఒకటిన్నర రెట్లు. మూడు ప్రయోగాల్లోనూ అంతే. అంతా తన గుండ్రటి చేతిరాతే.

సీసాలో ఇంకా నాలుగు వేళ్ళ మట్టం ఆ తిండి ఉంది. ఎదురుగా తొట్టి. కుళాయి తిప్పితే పది క్షణాల పని. గది ఖాళీ చేస్తున్న మనిషి పాత సీసా కడిగితే ఎవరు ఏమంటారు? అక్క ఆ తొట్టి దగ్గర ఎంతసేపు నిలబడిందో ఆవిడకే తెలియదు. సెకన్లు లెక్కపెట్టడంలో పేరుమోసిన మనిషి ఆ రోజు లెక్క తప్పింది. చివరికి సీసాని తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌లోనే పెట్టింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ మొగుడికి చెప్పింది. ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరయిన మనిషి. తడిగిన్నె తుడుస్తూ అంతా విన్నాడు.

"పారబోసి చేతులు కడుక్కోవే. పదిహేను రోజుల్లో పోతున్నదానివి, ఇప్పుడు ఈ గోల నీకెందుకు?"

"ఆ మందు రేపు పసిపిల్లలకి పోస్తారండీ."

"వాళ్ళేమన్నా నీ ఒక్కదాని మాట మీద పోస్తారా? ఇంకా సవాలక్ష పరీక్షలు చేస్తారు కదా. అప్పుడు తేలుతుందిలే."

"అప్పటిదాకా ఎంతమంది తల్లులు దాని మీద ఆశ పెట్టుకుంటారు?"

ఆయన ఇంకో గిన్నె తుడిచాడు. తర్వాత ఉన్నట్టుండి అన్నాడు. "ఒక వైద్యం పుస్తకంలో నేనొక తప్పు వదిలేశాను. మోతాదు అంకె. అచ్చయ్యాక చూసుకున్నా. ఎవరికీ చెప్పలేదు. ఏం జరగలేదులే, ఎవరూ పట్టుకోలేదు. ఇరవై రెండేళ్ళయింది. ఇప్పటికీ ఎవరింట్లోనన్నా ఆ పుస్తకం కనబడితే ఆ పేజీ తీసి చూస్తా. దానంతటదే మారిపోతుందేమోనని కాబోలు."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీకెలా చెప్పనే? నువ్వు అసలు తప్పే చెయ్యని మనిషివి."

అక్క గిన్నె ఒకటి వదిలేసి కుళాయి కింద చేతులు పెట్టుకుని అలా నిలబడిపోయింది. ఆయన వెక్కిరించలేదు. నిజమనుకునే అన్నాడు. అదే ఆవిడకి గుచ్చుకుంది.

మర్నాడు పొద్దున్నే పరుగుని వేడిగదికి పిలిచి, తలుపు వేసి, సీసా బల్ల మీద పెట్టింది. నాన్చలేదు.

"ఇందులో చల్లది వెయ్యలేదమ్మాయ్. నేను మర్చిపోయా."

పరుగు సీసా వంక చూసింది. మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. "చుక్క పెట్టడం మర్చిపోయుంటారక్కా. వేసే ఉంటారు."

"నేనూ అలాగే అనుకున్నా. అంకెలు చూడు." నోటుపుస్తకం తిప్పి పెట్టింది. పరుగు ఒక్క క్షణం చూసి పుస్తకం మూసేసింది. అంత పెద్ద పట్టిక అంత తొందరగా చదవడం ఎవరి వల్లా కాదు. కానీ ఆ క్షణంలో అక్కకి అది తట్టలేదు.

"పదిహేను రోజులు ఆగితే మీరు వెళ్ళిపోయేవాళ్ళు కదా" అంది పరుగు. "నా ఐదేళ్ళక్కా! నేను అక్కడ చేరతానని మాటిచ్చాను. మా అమ్మకి చెప్పాను. మీకు మనశ్శాంతి కావాలని నన్ను..." మాట పూర్తి చెయ్యకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు మెట్ల మీద పరుగు చప్పుడు వినబడలేదు.

పెద్ద డాక్టరుగారు విని, కళ్ళజోడు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. "ఇంకోసారి చేసి చూడమ్మా. ఫిల్ము చూశాకే పత్రికవాళ్ళకి రాద్దాం. అప్పటిదాకా ఈ మాట గది దాటనివ్వకు" అన్నారు. మంచి మనిషే. మంచివాళ్ళకి కూడా కొన్ని మాటలు గది దాటకపోతేనే బాగుంటుంది.

బుధవారం ఎర్రదీపం వెలిగింది. పరుగు రాలేదు. అక్క ఒక్కతే చేసింది. చల్లది తూచి కలిపి, చుక్క పెట్టి, ఆ చుక్క ఆరేదాకా చూస్తూ కూర్చుంది. కణాల్ని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరులో బొగ్గుపొడి పళ్ళెం పెట్టింది, వేడిదాని ఆవిరిని అది పీల్చుకుంటుంది. పన్నెండు పళ్ళాలూ వరసగా పెట్టింది. పది నిమిషాలు. కడుగు. చల్లది పొయ్యి. గంట ఆగు. మంచు మీద పెట్టి పగలగొట్టు. ఈ చేతులకి ఇన్నేళ్ళలో ఏం చేస్తున్నాయో చూసుకోవాల్సిన పనే లేకపోయింది. ఆ రోజు ప్రతిదీ చూసుకుని చేశాయి. ఆ నాలుగు నెలల కిందటి రోజు తన బుర్ర ఎక్కడుందో ఎంత తవ్వినా ఆవిడకి గుర్తు రాలేదు. ఏ పెద్ద కష్టమో ఉంటే దాని మీదకి నెట్టేద్దామనుకుంది. ఏమీ లేదు. మామూలు రోజు. మామూలుగా మర్చిపోయింది.

ఫిల్ముని గడ్డకట్టే పెట్టెలో ఉంచి సోమవారం దాకా ఆగాలి. ఆ నాలుగు రోజులూ అక్క మనసులో ఏముందో విప్పి చెబితే నవ్వుతారేమో. గీత నల్లగా రావాలని కోరుకుంది. తను చెప్పిన నిజం అబద్ధమైపోవాలని, తన తప్పు తప్పుగా ఉన్నా సరే ఆ మందు మాత్రం నిజంగా పనిచెయ్యాలని, పనిచేసి ఆ పిల్ల మళ్ళీ వరండాలో పరిగెత్తాలని. వెనకటి పెద్దాయన బతికుంటే "ఫిల్ముకి మొక్కుకుంటే గీత రాదే పిల్లా" అని ఉండేవాడు.

సోమవారం పొద్దున్న చీకటిగది తలుపు దగ్గరికి పరుగు వచ్చింది. పలకరించలేదు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. మసక ఎర్రవెలుతురులో అక్క ఫిల్ముని ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి మార్చి, నీళ్ళలో జాడించి, పైకెత్తి పట్టుకుంది.

మందు లేని వరస: నల్లగీత, తర్వాత బూడిదరంగు, తర్వాత నీడ, తర్వాత ఏమీ లేదు. మందు వేసిన వరస: నల్లగీత, బూడిదరంగు, నీడ. నాలుగో గంట దగ్గర ఫిల్ము తెల్లకాగితంలా ఖాళీగా ఉంది.

అక్క చేతిలోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

"నాకు తెలుసక్కా" అంది పరుగు.

"ఏం తెలుసు?"

"అంకెలు. అవి పెరిగాయని నాలుగు నెలల కిందే చూశాను. మొదటి ప్రయోగానికే. మిమ్మల్ని అడుగుదామని మూడుసార్లు ఈ గది దాకా వచ్చాను. ఎర్రదీపం ఆరేదాకా నిలబడ్డాను కూడా. మిగతావాళ్ళని అడిగితే, వేడిగది అక్క చేసిందంటే ఇక చూడక్కర్లేదు, యంత్రమే తప్పయ్యుంటుంది అన్నారు. గీత అంత బావుంది కదక్కా. నాక్కూడా అలా నమ్మాలనిపించింది. నమ్మేశాను."

అక్క ఫిల్ముని తీగకి తగిలించింది. రెండు క్లిప్పులూ సరిగ్గా పట్టాయో లేదో చూసింది. తనని వారం రోజులుగా తినేస్తున్నది ఒక్క చుక్కేననుకుంది ఇన్నాళ్ళూ. చుక్క మర్చిపోవడం ఎంతసేపు? దాన్ని నాలుగు నెలలు కాపాడింది వేరే ఉంది. అది తను ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒళ్ళంతా పూసుకు తిరిగిన పేరు.

"వచ్చి అడిగుంటే కసిరేదాన్ని" అంది చివరికి. "నన్నే అడిగేదానివయ్యావా అనేదాన్ని. నువ్వు ఏడుస్తూ వెళ్ళేదానివి. సీసా మాత్రం చూసేదాన్ని కాదు. తప్పంతా నీ మీద వేసుకోకమ్మా, నా మాట విను. చూసి కూడా అడక్కపోవడం నీ తప్పు. అడగనివ్వకపోవడం నాది. నాదే పెద్దది."

పరుగు గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుని, మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఏడ్చింది. అక్క పక్కనే చతికిలబడింది. ఆ వయసులో నేల మీద కూర్చుంటే లేవడం కష్టం, అయినా కూర్చుంది. పత్రికవాళ్ళకి ఉత్తరం ఇద్దరూ కలిసి రాశారు. తప్పు ఎవరిదో పెద్ద డాక్టరుగారు రాయవద్దన్నారు. అక్క రాసింది. ఆ కొత్త ఉద్యోగం పోయింది. ఆసుపత్రి వాళ్ళు జవాబివ్వలేదు.

అక్క చివరి వారంలో పరుగు ఇంకో రసాయనం తీసుకొచ్చింది. దీని మీద పెద్ద ఆశలేం లేవని ముందే చెప్పింది. గురువారం పొద్దున్న అక్క సీసా ముందు పెట్టుకుంది. పరుగు కూడా తొడుగులు వేసుకుని పక్కన స్టూలు మీద కూర్చుంది. అక్క తూచింది, కలిపింది, మూత బిగించింది.

"అక్కా" అంది పరుగు, బల్ల వంక చూస్తూ. "చల్లది వేశారా?"

అక్కకి చెవులు వేడెక్కాయి. పాలపళ్ళ దగ్గర్నుంచి పుట్టుపూర్వోత్తరాల దాకా సమస్తం నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. పరుగు భుజాలు బిగించుకుని కూర్చుంది, దెబ్బకి కాచుకున్నట్టు. అది చూసి అక్క ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"వేశాననే అనుకుంటున్నా" అంది. "తూచిన కాగితం ఆ బుట్టలో ఉంది, తీసి చూడు. చూశాక చుక్క నువ్వే పెట్టు."